నిశ్శబ్ద శ్రుతి సిద్ధాంతం

జూన్ 28

ముందుగా క్షమాపణలు. సప్తస్వరాలకు ఒక్కోదానికి విడివిడిగా, డెబ్భై రెండు మేళకర్త రాగాలకు కట్టగట్టి, వాటికి పుట్టిన జన్యరాగాలకు పెద్దవాళ్ల ద్వారా చెప్పించుకోమని, క్షమాపణలు. వీణకు, వేణువుకు, మృదంగానికి, ఆ మృదంగానికి చర్మం ఇచ్చిన మేకకు కూడా. నన్ను బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివించి, ఆ చదువుతో నేనేం చేస్తున్నానో స్నేహితులకు చెప్పుకోలేక "మావాడు మీడియాలో ఉన్నాడండి" అంటున్న నాన్నకు ప్రత్యేకంగా. ఇకపై ఈ పుస్తకంలో రాయబోయే ప్రతి అబద్ధానికీ, ప్రతి నిజానికీ, రెండూ కానివాటికి మరికాస్త ఎక్కువగా, సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

ఇందులో ఒక్కటీ మనస్ఫూర్తిగా చెప్పింది కాదు. కానీ గంభీరమైన పని మొదలుపెట్టేటప్పుడు కాస్త వంగి నిలబడాలి కదా.

విషయం ఏంటంటే, "నాదకేదారం" మాసపత్రికలో రికార్డుల సమీక్ష శీర్షిక నాకు దక్కింది. ఇన్నాళ్లూ ఆ పత్రికకి ప్రూఫులు దిద్దేవాణ్ణి. పాత సమీక్షకుడు మానేశారు. ఆయన విమర్శించిన గాయకులంతా ఆయన వీధిలోనే కాపురం ఉండటంతో పాలు పోయించుకోవడం కూడా కష్టమైపోయిందట. ఎడిటర్ సత్యప్రసాద్ గారు నన్ను పిలిచారు.

"ఉదయ్‌భాస్కర్, నీకు సంగీతం వచ్చా?"

"రాదండి."

"మంచిది. వస్తే పక్షపాతం వస్తుంది."

శీర్షిక పేరు "చెవి ఒగ్గి". నా కలం పేరు "సుకర్ణుడు". రెండూ ఆయనే పెట్టారు. "విన్నరోజే డైరీలో రాసుకో, సమీక్షకుడన్నాక డైరీ ఉండాలి" అన్నారు. అందుకే ఇది. హరిచందనక్కా, నువ్వు గనక చదువుతుంటే ఇక్కడితో ఆపెయ్. తర్వాత అంతా సంగీతమే.

జూలై 1

వృత్తిరహస్యం పట్టేశాను. మెల్లగా పాడితే "గాంభీర్యం". గబగబా పాడితే "చురుకుదనం". సాహిత్యం మర్చిపోయి ఊ ఆ అంటే "రాగభావానికే పెద్దపీట". ఒక అపస్వరం "సాహసం". రెండు అపస్వరాలు "కొత్త బాట". వింటూ వింటూ నిద్రపోతే "సమాధిస్థితిలోకి తీసుకెళ్లే".

మొదటి సమీక్ష పంపేశాను. భీమవరం కృష్ణంరాజు గారి అమ్మాయి శ్రీసత్య వీణ రికార్డు. చెరువు గట్టు మీద గెస్ట్‌హౌస్‌లో రికార్డు చేశారు. గంటసేపూ వెనకాల రొయ్యల చెరువు ఏరియేటర్ నీళ్లు చిమ్ముతూనే ఉంది. "జలతరంగ నేపథ్యం మనోహరం" అని రాశాను. కృష్ణంరాజు గారు స్వయంగా ఫోన్ చేశారు.

"ఏవండోయ్, ఆ జలతరంగం వాయించిందెవరో మాకూ తెలీదండి. మీరు భలే పట్టేశారండి."

జూలై 4

దుర్ఘటన. కొవ్వూరులో కోచింగ్ సెంటరు వాళ్లకి ప్రూఫులు ఇచ్చేసి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తున్నాను. గోదాట్లో ఎర్రనీళ్లు దిగాయి. వంతెన మీద, సరిగ్గా నడిమధ్యన, తుమ్మొచ్చింది. మామూలు తుమ్ము కాదు, తరతరాలుగా దాచుకున్న తుమ్ము. ఎడమ చెవిలో ఇయర్‌బడ్ ఎగిరి, కిటికీ ఊచకి తగిలి, రెయిలింగు సందులోంచి గోదాట్లోకి వెళ్లిపోయింది. జనం చిల్లర వేస్తారు, పసుపు కుంకుమ వేస్తారు. నేను చెవి సమర్పించుకున్నాను.

అక్క తన మొదటి జీతంతో కొనిచ్చినవి. డబ్బా ఉంది. కుడిది ఉంది.

జూలై 5

అక్కకి చెప్పలేదు.

జూలై 6

ఇవాళా చెప్పలేదు. ఎడమవైపు జుట్టు కాస్త పెంచుదామనుకుంటున్నాను.

జూలై 9

ఇవాళ చరిత్ర జరిగింది. చేసింది నేనే కాబట్టి నిదానంగా రాస్తాను.

పిఠాపురం సూర్యప్రకాశం గారి కచేరీ వచ్చింది సమీక్షకి. నలభై ఏళ్ల కిందట ఇక్కడే రాజమండ్రిలో ఒక డాక్టరు గారింట్లో స్పూలు టేపు మీద రికార్డు చేసిందట. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన పాటంటూ మిగిలింది ఇదొక్కటే. మనవరాలు ఫణిశ్రీ సౌండ్ ఇంజనీరు. దాన్ని శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసింది. లింకుతో పాటు పన్నెండు పేజీల బుక్‌లెట్ పంపింది. బుక్‌లెట్ పక్కన పడేశాను. పుస్తకం చదివి పాట వినడమంటే జాతకం చూసి ప్రేమలో పడటమే.

డాబా మీద వెల్లకిలా పడుకుని విన్నాను. ఆ గొంతు! ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుని నాకే పాడుతున్నట్టుంది. వయొలిన్ ఉంది. మృదంగం ఉంది. ఏదో తక్కువైంది. కల్యాణి ఆలాపనలో ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినచోట వెనకాల ఏమీ లేదు. తెల్లకాగితంలా ఉంది. మళ్లీ పెట్టాను. లేదు. తంబురా లేదు!

లేచి కూర్చున్నాను. ఇరవై ఐదేళ్ల జీవితంలో మొదటిసారి ఏదో కనిపెట్టాను. తంబురా లేకుండా, శ్రుతిపెట్టె లేకుండా, వెనకాల పట్టుకోవడానికి ఏ ఆధారమూ లేకుండా గంటకి పైగా పాడి, ఒక్కచోటా జారని మనిషి! ఇంతకు ముందు ఎవరూ పట్టించుకోలేదు. పెన్ను దానంతటదే నడిచింది:

"ఈ రికార్డులో తంబురా లేదు. లేదు అనడం కూడా చిన్నమాటే. అక్కర్లేదని ఆ మహావిద్వాంసుడు తేల్చేశాడు. స్తంభం లేకుండా ఆకాశం నిలబడినట్టు ఆయన గొంతు నిలబడింది. వినపడే శ్రుతిని ఎవరైనా పట్టుకుంటారు. వినపడని శ్రుతిని పట్టుకున్నవాడే గాయకుడు. దీన్ని నేను వినమ్రంగా 'నిశ్శబ్ద శ్రుతి' అంటున్నాను."

"వినమ్రంగా" అన్న మాట మూడుసార్లు పడింది. ప్రూఫులో రెండు కొట్టేశాను. వినమ్రత మితిమీరకూడదు.

జూలై 21

సంచిక బయటికొచ్చి నాలుగు రోజులైంది. సత్యప్రసాద్ గారు నన్ను కౌగిలించుకున్నారు. ఆయన ఎవర్నైనా కౌగిలించుకోవడం ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ చూడలేదు కాబట్టి అది ఎలా చెయ్యాలో ఇద్దరికీ తెలీలేదు. భుజాలు తగిలాయి, కళ్లజోళ్లు తగిలాయి.

అమలాపురం నుంచి ఒక రిటైర్డు ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, నిశ్శబ్ద శ్రుతిని తాను చిన్నప్పుడే గమనించాననీ, అయితే నిశ్శబ్దంగా ఊరుకున్నాననీ చెప్పారు. కాకినాడ పత్రికలో ఒకాయన "నిశ్శబ్ద శ్రుతి అని నేనెప్పుడో అన్నాను" అని రాసేశాడు. పుట్టిన వారంలోనే నా సిద్ధాంతాన్ని దొంగిలించారు. ఇంతకంటే గుర్తింపు ఏం కావాలి?

జూలై 24

ఫోన్.

"సుకర్ణుడు గారేనాండీ?"

"చెప్పండి."

"ఫణిశ్రీనండి, సూర్యప్రకాశం గారి మనవరాల్ని. మీ సమీక్ష చదివాను."

ధన్యవాదాలు చెప్పడానికి గొంతు సవరించుకున్నాను.

"ఏ చెవితో విన్నారండీ?"

"కుడి చెవితో" అన్నాను. తను జోకనుకుంది. నేనూ జోకనే అనుకున్నాను.

"వెటకారాలొద్దండి. తంబురా లేదని ఎలా రాశారు? నాలుగు నెలలు నేను కూర్చుంది ఆ తంబురా పోకుండా చూడటానికేనండి. సాఫ్ట్‌వేరుకి తంబురా అంటే ఫ్యాను మోత. ఒక్క బటన్ నొక్కితే మొత్తం ఊడ్చి అవతల పారేస్తుంది. నేను నొక్కలేదు. మీరు నొక్కేశారు."

"చూడండి ఫణిశ్రీ గారూ, ఉన్నది వేరు, వినపడేది వేరు, అనుభూతిలోకి వచ్చేది వేరు…"

"బుక్‌లెట్ మూడో పేజీ చదివారా?"

"మేం పేజీలు వినమండి, పాటలు వింటాం."

"అదే, దేంతో వింటున్నారని అడుగుతున్నా" అని పెట్టేసింది.

సాంకేతిక నిపుణులతో ఇదే ఇబ్బంది. వాళ్లకి రసం తెలీదు. గ్రాఫులు చూస్తారు.

జూలై 25

డబ్బా తెరిచాను. కుడిది ఛార్జింగ్ పెట్టాను. మూశాను.

బుక్‌లెట్ టేబుల్ కాలు కింద ఉంది. టేబుల్ ఊగుతోందని పెట్టాను. ఇప్పుడు తీస్తే మళ్లీ ఊగుతుంది.

ఆగస్టు 2

పత్రికాఫీసులో ల్యాండ్‌లైను మోగింది. అది పనిచేస్తుందని ఇవాళే తెలిసింది.

"నాదకేదారమాండీ?" పెద్దావిడ గొంతు. బడిలో హాజరు పిలుస్తున్నట్టు స్పష్టంగా ఉంది.

"ఆయ్, చెప్పండి మామ్మగారూ."

"సుకర్ణుడు గారున్నారా?"

"బయటికెళ్లారండి." నోరు నన్నడక్కుండా అనేసింది.

"వస్తే చెప్పండి. నా పేరు సీతారామలక్ష్మి, పిఠాపురం. సూర్యప్రకాశం గారి చెల్లెల్ని. అన్నయ్య వెనకాల తంబురా నేనే మీటేదాన్ని, ముప్ఫై ఏళ్లు. ఆ డాక్టరు గారింట్లోనూ నేనే కూర్చున్నాను. కచేరీ కార్డు మీద అన్నయ్య పేరుండేది. వయొలిన్ ఆయన పేరుండేది. మృదంగం ఆయన పేరు తప్పుగానైనా ఉండేది. నా పేరు ఎప్పుడూ లేదు. పోన్లే, పేరు లేకపోతే ఏం, చప్పుడుంది కదా అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ చప్పుడూ లేదట కదండీ?"

రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"లైన్లో ఉన్నారా?"

"ఉన్నానండి. మీరు ఆ రికార్డు విన్నారాండీ?"

"ఫణి వినిపిస్తానంది. వద్దన్నాను. లేదని తెలిశాక వినడం ఎందుకు? ఉంది మామ్మా, ఉంది మామ్మా అంటుంది అది. ముసలాళ్లని ఊరుకోబెట్టడానికి పిల్లలు చాలా అంటారు. అచ్చులో పడింది కదండీ. తెలీకుండా అచ్చేస్తారా?"

"వెయ్యరండి" అన్నాను. ప్రూఫులు దిద్దేవాణ్ణి నేను.

"అదే మరి. నేను మీటింది బాలేదేమో, అన్నయ్యే తీయించేశాడేమో. ఆయనదో తీరు. రోజూ పొద్దున్నే శ్రుతి చేసి కాసేపు మీటుకునేదాన్ని, చెయ్యి మర్చిపోకుండా. మొన్న తీగలు విప్పేశాను. లేనిదానికి శ్రుతేంటి? సరే, ఆయనొస్తే చెప్పండి, సమీక్ష చాలా బాగా రాశారని. భాష బాగుంది."

ఆగస్టు 3

జలుబు.

ఆగస్టు 4

ఇంకొన్ని క్షమాపణలు గుర్తొచ్చాయి, మర్చిపోకుండా రాసుకుంటున్నాను. ఏడో తరగతిలో సంగీతం టీచరు హార్మోనియంలో బొద్దింకని వదిలినందుకు. (వదిలింది పక్క సెక్షన్‌వాడు.) మొన్న బస్సులో ఒకాయన పాత పాట హమ్ చేస్తుంటే మొహం చిట్లించినందుకు. (చిట్లించింది ఎండకి.) కర్ణాటక సంగీతం నాశనమవుతున్నందుకు మొత్తంగా. (అది నేను పుట్టకముందే నాశనమైందని సత్యప్రసాద్ గారు అంటారు.)

ఎన్ని రాసినా పేజీలో ఇంకా చోటు మిగులుతోంది.

ఆగస్టు 11

గోదారి గట్టున కల్యాణమండపంలో సదస్సు. బ్యానరు మీద "నిశ్శబ్ద శ్రుతి: నిన్న, నేడు, రేపు". నిన్న లేదు. కనిపెట్టిందే జూలైలో.

ముఖ్య అతిథి కృష్ణంరాజు గారు. "నాకు సంగీతం తెలీదండి" అని మొదలుపెట్టారు. "శ్రుతంటే మా చెరువుల్లో ఆక్సిజన్ లాంటిదనుకుంటానండి. ఉన్నన్నాళ్లూ ఎవడికీ కనపడదు. అది తగ్గిందంటే తెల్లారేసరికి అన్నీ పైకి తేలతాయండి." సదస్సు మొత్తమ్మీద అర్థమున్న ముక్క అదొక్కటే. ఆయన్ని త్వరగా ముగించమని చీటీ పంపారు.

తర్వాత మణిశంకర్ అనే కుర్ర గాయకుడు నా సిద్ధాంతం ప్రకారం తంబురా లేకుండా పాడాడు. ఒకటో శ్రుతిలో ఎత్తుకున్నాడు. అరగంటకి రెండున్నరలో ఉన్నాడు. వయొలిన్ ఆయన బస్సు వెనకాల పరిగెత్తే ప్రయాణికుడిలా వెంటపడ్డాడు. మృదంగం ఆయన రాయి తీసి మృదంగం అంచు మీద కొడుతూనే ఉన్నాడు. తాళానికి కొట్టిన దెబ్బలకంటే శ్రుతి సరిచేసుకోవడానికి కొట్టినవే ఎక్కువ. ఆఖర్న ముగ్గురూ మూడు స్టేషన్లలో దిగారు. సత్యప్రసాద్ గారు మైకు అందుకుని "ఇదీ ఊర్ధ్వగమనం" అన్నారు. చప్పట్లు.

నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయక్కర్లేదు. అయ్యాక "ప్రశ్నలున్నాయా?" అన్నారు. మూడో వరసలోంచి ఒకమ్మాయి లేచింది. గొంతు వినగానే గుర్తుపట్టాను.

"వక్తగారు ఆ రికార్డు దేంతో విన్నారండీ? స్పీకర్లా, హెడ్‌ఫోన్సా?"

హాలంతా నా వైపు తిరిగింది.

"మనసుతో" అన్నాను.

ఆ చప్పట్లు అరనిమిషం ఆగలేదు. వెనకాల ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఉప్మా కౌంటరు దగ్గర ఫణిశ్రీ వచ్చి పక్కన నిలబడింది.

"మనసుకి ఎడమా కుడీ ఉంటాయాండీ?"

నేను ఉప్మా నోట్లో పెట్టుకున్నాను.

"మా చిన్నమామ్మ తంబురా తీగలు విప్పేసింది."

"తెలుసండి."

"మీకెలా తెలుసు?"

ఇంకో ముద్ద పెట్టుకున్నాను. ఉప్మా నములుతున్న మనిషిని ప్రశ్నలు అడక్కూడదని చట్టం ఉండాలి.

"మనసుతో విన్నారు కదా" అంది. "ఆవిడ గదిలో ఇప్పుడు ఎలా ఉందో అది కూడా వినండి. మీకిష్టమైన నిశ్శబ్దమే. బోలెడుంది."

ఆగస్టు 12

అక్క నా ప్యాంటు వాషింగ్ మెషీన్లో వెయ్యబోతూ జేబు తడిమింది. డబ్బా తీసింది. తెరిచింది.

"ఒరేయ్, రెండోది ఏదిరా?"

"ఉంది."

"ఎక్కడ?"

"గోదాట్లో."

"ఎప్పటినుంచి?"

"ఎర్రనీళ్లొచ్చినప్పటినుంచి."

అక్క ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఒక చుక్క చూసి మనిషి మొత్తం చెప్పేస్తుంది. "అంటే నెలపైనుంచీ ఒంటిచెవితో విని, పత్రికలో తీర్పులు చెప్తున్నావన్నమాట."

"ఒంటిచెవి అనకు. ఏకాగ్రత అను."

"చెవి పిండితే తెలుస్తుంది ఏకాగ్రత." సొరుగు లాగి, చిక్కులు పడ్డ పాత తీగల ఇయర్‌ఫోన్స్ తీసి నా మొహాన కొట్టింది. "ఇదిగో. రెండు చెవులకీ రెండు. ఎల్ అని ఉన్నది ఎడమది. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ కదా, చదవగలవు."

విన్నాను.

ఆగస్టు 13

టేబుల్ కాలు కింద నుంచి తీశాను. మూడో పేజీ:

"డాక్టరు గారి దగ్గర ఉన్నవి రెండే మైకులు. ఒకటి గాయకుడి ముందు పెట్టారు. రెండోదాని తీగ పొట్టి. అది వెనకాల తంబురా దగ్గరికే అందింది. అందుకే కుడివైపు గాత్రం, వయొలిన్, మృదంగం బాగా వినిపిస్తాయి. ఎడమవైపు దాదాపు అంతా తంబురాయే. రెంటినీ కలిపెయ్యకుండా ఉన్నది ఉన్నట్టే ఉంచాను. దయచేసి రెండు చెవులతోనూ వినండి."

"దయచేసి" అని కూడా రాసింది.

వంతెన మీంచి రైలు వెళ్లిపోయాక కూడా ఇనుము కాసేపు మోగుతూనే ఉంటుంది. ఎడమవైపు అలా ఉంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిచోటా అది ఉంది. ఆయన ఆగలేదసలు. వెళ్లి దానిమీద కూర్చున్నాడు.

టేబుల్ ఊగుతోంది.

ఆగస్టు 14

"సార్, తంబురా ఉందండి."

"ఎక్కడ?" సత్యప్రసాద్ గారు తల ఎత్తలేదు.

"ఎడమవైపు."

ఆయన తన ఎడమవైపు చూశారు. అక్కడ బీరువా ఉంది. నేను అంతా చెప్పాను. తుమ్ముతో సహా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడు నాయనా. సిద్ధాంతం ఒకసారి బయటికొచ్చాక అది మనది కాదు. సదస్సు అయిపోయింది. సావనీరు కంపోజింగులో ఉంది. ఇప్పుడు నువ్వొచ్చి తుమ్మాను అంటే ఆ మణిశంకర్ ఏమైపోవాలి? ఇంట్లో తంబురా ఎవరికో ఇచ్చేశాడు పాపం."

"చిన్న సవరణ వేద్దామండి. నాలుగు లైన్లు."

"పత్రిక పరువు?"

"పిఠాపురంలో ఒక పెద్దావిడ తీగలు విప్పేసుకుని కూర్చున్నారండి. అచ్చులో పడితే తప్ప నమ్మరావిడ."

"ఆవిడ మన చందాదారా?"

"తెలీదండి."

"కనుక్కో" అని కళ్లజోడు పెట్టుకున్నారు.

ఆగస్టు 18

ఆఖరి ప్రూఫు నాదే. తప్పొప్పుల పట్టిక ఎప్పుడూ చివరి పేజీలో, మోకాళ్ల నొప్పుల తైలం ప్రకటన కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కంప్యూటర్ ముందు బుజ్జిబాబు ఉన్నాడు. నేను చెప్పాను, అతను కొట్టాడు:

"గత సంచిక, 'చెవి ఒగ్గి' శీర్షిక. 'ఈ రికార్డులో తంబురా లేదు' అన్నచోట 'ఈ సమీక్షకుడికి ఎడమ చెవి లేదు' అని చదువుకోగలరు. తంబురా: సీతారామలక్ష్మి గారు, పిఠాపురం. మొదటినుంచి చివరిదాకా ఉంది."

బుజ్జిబాబు వెనక్కి తిరిగాడు. "ఇది సారుకి తెలుసాండీ?"

"తప్పొప్పులు సారు చూడరు కదా."

"ఆయ్. ఎవరూ చూడరండి. మొన్న మా బావమరిది పెళ్లి శుభాకాంక్షలు అందులోనే వేసేశానండి. ఒక్క ఫోన్ రాలేదు."

అక్షరాల సైజు కాస్త పెంచమన్నాను. తైలం సీసా కొంచెం చిన్నదైంది.

ఫణిశ్రీకి ఫోన్ చేశాను. మీ చిన్నమామ్మగారింటికి తీసుకెళ్తారా అని అడిగాను. ఏ రోజో, ఎన్నింటికో చెప్పింది. తర్వాత, "వచ్చేటప్పుడు చెవులు రెండూ తెచ్చుకోండి" అంది.

ఆగస్టు 23

పిఠాపురం వెళ్లొచ్చాను.

కుక్కుటేశ్వరుడి గుడికి వెళ్లే దారిలో రెండు గదుల ఇల్లు. మూల తంబురా నిలబడి ఉంది, పాత దుప్పటి కప్పుకుని, జ్వరం వచ్చినట్టు. సీతారామలక్ష్మి గారు చిన్న మనిషి. మంచం మీద నిటారుగా కూర్చున్నారు. ముప్ఫై ఏళ్లు ఒరిగి కూర్చోకూడని పని చేసిన వీపు అది.

"ఎవరే ఈ అబ్బాయి?"

"సుకర్ణుడు గారు, మామ్మా" అంది ఫణిశ్రీ.

ఆవిడ నా చెవులు అటొకటి ఇటొకటి చూశారు. "బానే ఉన్నాయే!"

"నమస్కారం మామ్మగారూ."

"ఓహో. సుకర్ణుడు గారు బయటికెళ్లారని ఫోన్లో చెప్పిన గొంతూ ఇదే." నేను కాలి బొటనవేలు చూసుకున్నాను. "ఇన్నేళ్లు శ్రుతి పట్టుక్కూర్చున్నదాన్ని నాయనా, గొంతు పట్టుకోలేనా? కూర్చో. కాఫీ తాగుతావా? ఫణీ, కాఫీ పెట్టు. పంచదార తగ్గించు, ఇతని మాటల్లోనే బోలెడుంది."

కొత్త సంచిక ఇచ్చాను. చివరి పేజీ. ఆవిడ భూతద్దం పెట్టి చదివారు. తైలం ప్రకటనతో మొదలుపెట్టి మొత్తం చదివారు. కిందికొచ్చేసరికి పెదాలు కదపడం మానేశారు. మళ్లీ పైనుంచి చదివారు.

"ఎడమ చెవి లేదు అంటే ఏంటి, తిట్టా?"

"ఒప్పుకోలండి."

"నువ్వే తిట్టుకున్నావా? అచ్చులో?" భూతద్దం ఇంకా దగ్గరికి లాక్కున్నారు. "నా పేరేశారు. క్ష కింద మ వత్తు కూడా సరిగ్గా పడింది." ఆ తర్వాత పేజీ మీద వేలు పెట్టి, అది కదలకుండా పట్టుకుని, "ఉందన్నమాట అయితే" అన్నారు.

"ఉందండి. వింటారా?"

ఇప్పుడు వద్దనలేదు.

ఇయర్‌ఫోన్ ఆవిడ చెవికి పెట్టి, పాట పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుంటారేమో, ఏడుస్తారేమో అనుకుని నేను సిద్ధంగా ఉన్నాను, జేబురుమాలతో సహా. అలాంటిదేం లేదు. నొసలు ముడిపడింది. ఒళ్లో పెట్టుకున్న కుడిచేతి వేళ్లు కదలడం మొదలైంది. ఒకదాని తర్వాత ఒకటి, నాలుగు తీగలు, మళ్లీ మొదటినుంచి.

"రెండో తీగ కాస్త దిగింది" అన్నారు. "ఆరోజే అనుకున్నాను. డాక్టరు గారి భార్య ఫ్యాను వేసింది, వద్దమ్మా అంటే వినలేదు." ఇంకాసేపు విన్నారు. "ఇక్కడ సర్దుకున్నాను. ఆఁ. ఇప్పుడు బావుంది."

ఈ ఏడాది నేను విన్న సమీక్షల్లో నిజమైంది అదొక్కటే.

కాసేపయ్యాక తలెత్తారు.

"అన్నయ్యేడీ? ఎక్కడో అవతలి గదిలోంచి వినపడుతున్నట్టున్నాడు?"

ఫణిశ్రీ కాఫీ గ్లాసులతో గుమ్మంలో ఆగిపోయి నా చేతి వంక చూసింది.

"వెనకాల కూర్చున్నారండి" అన్నాను.

ఆవిడ నా వంక చూశారు. మూల దుప్పటి కప్పుకున్న తంబురా వంక చూశారు. వేళ్లు మాత్రం ఆగలేదు.

"కూర్చోనీ" అన్నారు.

పాట అయిపోయాక, "ఫణీ, ఆ తీగలు బియ్యం డబ్బా మీద పెట్టాను, తే" అన్నారు. మేం బయల్దేరే సమయానికి మొదటి తీగ బిగిస్తున్నారు. నన్ను వెళ్లొస్తానని చెప్పనివ్వలేదు. శ్రుతి చేసేటప్పుడు మాట్లాడకూడదట.

సత్యప్రసాద్ గారు ఇంకా చివరి పేజీ చూడలేదు. ఆయన తన పత్రిక చదవరు. పక్షపాతం వస్తుందని.

ఇక, మొదటి పేజీలో చెప్పిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. స్వరాలవీ, రాగాలవీ, నాన్నదీ. మేకది కూడా. ఆ తప్పులేవీ నేను చెయ్యలేదు. తుమ్ము కూడా నేను కావాలని తుమ్మింది కాదు.

కావాలని చేసింది ఒక్కటే. ఇవాళ ఆవిడకి నేనిచ్చింది ఎల్ అని ఉన్నదొక్కటే. ఆర్ అని ఉన్నదాన్ని పాట అయ్యేదాకా గుప్పిట్లో పెట్టి గట్టిగా మూసి పట్టుకున్నాను. సూర్యప్రకాశం గారు లోపల పాడుతూనే ఉన్నారు. అరచేతికి తెలుస్తూనే ఉంది.